గంపలో పడ్డ గొంతు

“ఐదింటిలోపు మీకేమీ దొరక్కపోతే నేనేం చెయ్యాలి?” అని అడిగింది సబ్‌టైటిల్స్ రాసే ఆవిడ.

డిటెక్టివ్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న ఎదురైనప్పుడల్లా ఆయన జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, రికార్డింగ్ బొత్తాం నొక్కుతాడు. ఇన్నేళ్ల వృత్తిలో అబ్బిన అలవాటు అది. ఎదుటివాళ్లకు ఏదో పని మొదలైనట్టు కనిపిస్తుంది, ఆయనకు ఊపిరి పీల్చుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

“మీరు చెప్పేది రికార్డు చేసుకుంటున్నాను. నా జ్ఞాపకం కోసమే. ఈ గది దాటి బయటికి పోదు. నాదీ హామీ,” అన్నాడు.

ఆవిడ ఫోను వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి తలూపింది.

జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. శుక్రవారం ఒక స్ట్రీమింగ్ సర్వీసులో విడుదల కావలసిన సినిమా సోమవారం మధ్యాహ్నమే ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. ముక్కలుగా కాదు, మొదటి అక్షరం నుంచి చివరి పేరు దాకా. విడుదలకు ముందు సినిమా మీద పనిచేసేవాళ్లకు ఇచ్చే ప్రతి కాపీలోనూ కంటికి కనపడని ముద్ర ఒకటి ఉంటుంది. ఎవరి ముద్ర వాళ్లది. బయటికి వచ్చిన కాపీలో దొరికింది ఏడో నంబరు ముద్ర. ఏడో నంబరు కాపీ ఈవిడకు ఇచ్చినది. నిర్మాత ఫిర్యాదు చేయక తప్పలేదు. చేసిన గంటకే డిటెక్టివ్‌కు ఫోన్ చేసి, “నా సినిమాలన్నిటికీ ఆవిడే రాస్తుంది, అలాంటి మనిషి కాదు, మీరొకసారి చూడండి” అని బతిమాలాడు. ఈరోజు బుధవారం. సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళతామని పోలీసులు ఆవిడకు కబురు పెట్టారు. సిద్ధంగా ఉండమన్నారు. సిద్ధంగా ఉండటమంటే ఏమిటో అర్థం కాక ఆవిడ పొద్దున్నుంచీ ఇల్లు సర్దుతోంది.

“కాపీ మీకెలా వచ్చింది?”

“ముందు సర్వీసువాళ్ల యాప్‌లోనే చూసి రాయమన్నారు. అది కాసేపటికోసారి బయటికి తోసేస్తుంది. మళ్లీ లోపలికి పోవాలంటే కోడ్ నిర్మాతగారి ఫోనుకి పోతుంది. ఆయన ఎక్కడో మీటింగులో ఉంటారు. ఒక డైలాగు తెర మీద ఎంతసేపు ఉండాలో తేల్చాలంటే అదే ముక్క పదిసార్లు వెనక్కి తిప్పాలి సార్. అలా తిప్పుతుంటే అనుమానంగా ఉందని తాళం వేసేసింది. చివరికి నిర్మాత ఆఫీసువాళ్లే విసిగిపోయి మామూలు ఫైలు ఇచ్చేశారు.”

“అందరికీ అలాగే ఇస్తారా?”

“పని జరగాలంటే అంతే. ఆ యాప్‌లో కూర్చుని పని పూర్తి చేసినవాళ్లు నాకెవరూ తెలీదు. చేశామని చెప్పేవాళ్లు మాత్రం అందరూ.”

“ఆ మామూలు ఫైలు మీరు ఇంకెవరికైనా ఇచ్చారా?”

ఆవిడ కిటికీ వైపు చూసింది. ఇలాంటి చోట మనుషులు నీళ్లు నములుతారు, లేదా గట్టిగా ఒట్లు పెడతారు. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు.

“ఇచ్చాను.”

“ఎవరికి?”

“అది చెప్పను.”

“అమ్ముకున్నారా?” అడగక తప్పదు కాబట్టి అడిగాడు.

“పని కోసం ఇచ్చాను. తీసుకున్న మనిషి అమ్ముకునే మనిషి కాదు. కానీ ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టాను, ఇచ్చాను, కాబట్టి తప్పు నాదే. ఆ మనిషి పేరు చెప్తే ఇద్దరం మునుగుతాం. చెప్పకపోతే నేనొక్కదాన్నే మునుగుతాను. లెక్క తేలిగ్గానే ఉంది సార్.” ఆవిడ గడియారం వంక చూసింది. “నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. ఐదింటిలోపు మీకేమీ దొరక్కపోతే నేనేం చెయ్యాలి?”

డిటెక్టివ్ చెయ్యి చాచి రికార్డింగ్ ఆపేశాడు. సినిమా పేరు కొట్టి, దాని పక్కన ‘సబ్‌టైటిల్స్ ఆవిడ, మధ్యాహ్నం’ అని చేర్చి దాచాడు. ఏ కేసులోనైనా ఆయన దాచే పద్ధతి అదే, వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని. దాచాడో లేదో ఫోను మోగింది. భార్య.

“కోడ్ చెప్పండి.”

“ఏ కోడు?”

“సినిమాల యాప్‌కి ఏడాది చందా కట్టామా, కట్టాం. తీరా నేను చూద్దామని కూర్చుంటే కోడ్ మీ ఫోనుకి వస్తుంది. మీరేమో దొంగల వెంట ఉంటారు.”

“నేను పనిలో ఉన్నాను.”

“ఉండండి, ఎవరొద్దన్నారు. నేను గంపలో చూసుకుంటాను. దాంట్లో కోడూ లేదు గీడూ లేదు. నిన్న మీ ఫోన్లో కూడా పెట్టాను, ప్రయాణాల్లో పనికొస్తుందని,” అని పెట్టేసింది.

గంప అంటే తెలియనివాళ్లు లేరు. అదొక యాప్. ఏ సినిమా పేరు కొట్టినా ఇస్తుంది, ఏ ఫైలు వేసినా ఆడిస్తుంది. పేరు అడగదు, పుట్టినరోజు అడగదు.

“మా ఇంట్లోనూ ఇదే గోల,” అంది ఆవిడ. “నిన్న ముద్ర గురించి అడగడానికి వచ్చిన కానిస్టేబుల్ కూడా ఈ సినిమా గంపలో చూసేశానన్నాడు. రెండో సగం సాగదీశారట.”

డిటెక్టివ్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. లేచి ఆవిడ పనిగది చూశాడు. చిన్న గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, రెండు కుర్చీలు. ఒక కుర్చీ తెరకు ఎదురుగా ఉంది. రెండోది తెరకు వీపు పెట్టి, స్పీకరుకు దగ్గరగా వేసి ఉంది. దాని మెత్త బాగా నలిగింది. ఎవరో చాలా రోజులు అందులో కూర్చున్నారు. కీబోర్డును చేత్తో తడిమాడు. ఆపు, వెనక్కి, ముందుకి అనే మూడు మీటల మీద గోళ్లరంగు బొట్లు గట్టిపడి, వేలికి బొడిపెల్లా తగిలాయి. ఆవిడ చేతులు చూశాడు. గోళ్లకు రంగు లేదు.

“సినిమాకు వీపు పెట్టి కూర్చునే మనిషి ఎవరమ్మా?”

ఆవిడ పలకలేదు.

“మీరు రాసేది చెవులు వినపడనివాళ్ల కోసమేనా?”

“కళ్లు కనపడనివాళ్ల కోసం కూడా. మాటల మధ్య ఖాళీల్లో, తెర మీద ఏం జరుగుతోందో ఒక గొంతు చెప్తుంటుంది. ఆ గొంతుకి మాటలు నేనే రాస్తాను.” చెప్పేశాక నాలుక కరుచుకుంది.

“రాసింది అర్థమవుతోందో లేదో ఎవరు చెప్తారు మీకు?”

ఆవిడ ఆ కుర్చీని బల్ల కిందికి తోసింది. ఇక ఆవిడ చెప్పక్కర్లేదు. కళ్లున్నవాళ్లు ఆ సంగతి తేల్చలేరు, తేల్చేవాళ్లకు కళ్లుండవు.

సరిగ్గా అప్పుడే తలుపు కొట్టకుండా జల్లెడ లోపలికి వచ్చాడు. దొంగ కాపీల మీద నిఘా పెట్టే కంపెనీలో ఆయన ఆఫీసరు. సినిమాల్లోకి ముద్రలు ఎక్కించేది ఆ కంపెనీయే. మాట్లాడితే చాలు, నెట్టంతా జల్లెడ పట్టానంటాడు. అసలు పేరు ఏనాడో పోయి ఇదే మిగిలింది. ఇవాళ కంప్యూటరుకు సీలు వేయడానికి లక్కా, దారమూ పట్టుకుని వచ్చాడు.

“సార్‌కి ఇంకా ఏమీ దొరకలేదా?” అన్నాడు, దారం విప్పుతూ.

“సోమవారం ఫైలు ఎన్నింటికి బయటపడింది?”

“మూడుంపావుకి.”

“ఆ టైముకి ఈవిడ పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది. డాక్టరుని అడిగాను.”

“నోరు తెరిస్తే చేతులు ఖాళీయే కదా సార్. ఫోన్లో నొక్కచ్చు.”

“నొక్కిందా? ఈ ఇంటి కనెక్షన్ నుంచి పోయిందా? ఈవిడ ఫోన్ నుంచి పోయిందా?”

జల్లెడ దారం మీద వంగాడు. “లేదు.”

“మరి?”

“ఊరికి అవతలి కొసన ఏదో మొబైల్. ఎవరిదో చెప్పమని ఫోన్ కంపెనీకి రాశాం. పది రోజులు పట్టచ్చు.”

“పది రోజుల్లో అసలు సంగతి తెలుస్తుందని తెలిసి కూడా ఇవాళ ఐదింటికి పోలీసుల్ని పిలిచారు.”

“శుక్రవారం లోపు సర్వీసువాళ్లకి ఎవరో ఒకర్ని చూపించాలి. ముద్ర ఎవరిదైతే బాధ్యత వాళ్లది. రూలు నేను పెట్టలేదు.”

“మీ ముద్ర ఫైలు ఎవరి చేతికి ఇచ్చారో చెప్తుంది. ఎవరు వదిలారో చెప్పదు.”

“చేతికిచ్చినవాళ్లు గట్టిగా పట్టుకోవాలి సార్. పట్టుకోలేనివాళ్లు సర్వీసువాళ్ల యాప్‌లోనే పనిచెయ్యాలి.”

“మీరెప్పుడైనా ఆ యాప్‌లో పనిచేశారా?” అని అడిగింది సబ్‌టైటిల్స్ ఆవిడ. మెల్లగానే అడిగింది.

జల్లెడ సీలు వేయడం ఆపాడు. మొహం కందిపోయింది. డిటెక్టివ్‌కు ఒళ్లు మండుతూనే ఉంది కానీ, ఆ మొహం చూశాక ఆ మంట సగానికి తగ్గింది.

“రోజంతా లింకులు తీయిస్తాను,” అన్నాడు జల్లెడ. “తెల్లారేసరికి తీయించినవాటికంటే ఎక్కువ మొలుస్తాయి. నా కూతురే గంపలో చూస్తుంది. అదేంటమ్మా అంటే, మీ సర్వీసువాళ్ల యాప్ తెరుచుకునేలోపు నాకు నిద్రొస్తుంది నాన్నా అంటుంది. ఇన్నేళ్లలో ఒక్క మనిషిని పట్టుకున్నానని చెప్పుకునే రోజు రాలేదు నాకు. ఇవాళ వచ్చింది. మీరు దాన్ని పాడుచెయ్యకండి.”

“నేను పాడుచేస్తాను,” అన్నాడు డిటెక్టివ్. ఆ మాట పౌరుషంగానే అన్నాడు.

మెట్లు దిగుతూనే నిర్మాతకు ఫోన్ చేశాడు. “మీ సినిమాలకు కళ్లు కనపడనివాళ్లెవరైనా పనిచేస్తారా?”

“ఒకాయనున్నాడు. చెకర్. కూర్చుని వింటాడు, ఎక్కడ అర్థం కాలేదో చెప్తాడు. మేం జడ్జిగారంటాం. ఆయన బాలేదంటే ఇక తిరుగులేదు, మళ్లీ రాయాల్సిందే. ఆయనెందుకు?”

డిటెక్టివ్ చెప్పాడు.

“చూడండి,” అన్నాడు నిర్మాత. “అమ్ముకోలేదని తేలితే చాలు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఇన్‌స్పెక్టర్ నా మాట వింటాడు. కానీ ఒక్కటి. ఆవిడ ఫైలు ఇంకొకరికి ఇచ్చిందన్న మాట సర్వీసువాళ్ల చెవిన పడకూడదు. వాళ్లతో రాసుకున్న ఒప్పందం అలాంటిది. తెలిసిందా, శుక్రవారం సినిమా తీసుకోరు. అప్పుడు కేసు నా చేతుల్లో ఉండదు, వాళ్ల లాయర్ల చేతుల్లోకి పోతుంది. నాలుగు గోడల మధ్య ఉంచగలరా?”

“ఉంచుతాను.”

జడ్జిగారి ఇల్లు ఊరి అవతలి కొసన, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. కుడికాలికి కట్టు కట్టుకుని, ఆ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది.

“అడుగుల్ని బట్టి మీరు పొడుగ్గా, లావుగా ఉంటారు,” అన్నాడు.

“పొట్టిగా, సన్నగా ఉంటాను.”

“అయితే మెట్లు ఎక్కడం మీకు చేతకాదు. కూర్చోండి.”

డిటెక్టివ్ కూర్చుని, తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాడు. ఐదింటికి పోలీసులు ఎవరి కోసం వస్తున్నారో కూడా చెప్పాడు. జడ్జిగారు స్టూలు మీది కాలు దించేశాడు.

“నిన్న కూడా ఫోన్ చేసింది. కాలు ఎలా ఉందని అడిగింది. ఒక్క ముక్క చెప్పలేదే,” అన్నాడు. “సినిమా బయటికొచ్చిందని రేడియోలో విన్నాను. ఎవడో వెధవ పని అనుకున్నాను.”

“ఫైలు మీకు ఎందుకు ఇచ్చింది?”

“కాలు బెణికింది, వాళ్లింటికి వెళ్లలేను. సర్వీసువాళ్ల యాప్‌లో వినమన్నారు. ఏదీ, మీరు నన్ను అందులోకి తీసుకెళ్లండి చూద్దాం.” ఫోను చేతికిచ్చాడు. తెర మీద ఎక్కడ వేలు పెడితే అక్కడున్నది పైకి చదివే ఫోను అది.

డిటెక్టివ్ యాప్ తెరిచాడు. వేలు పెట్టాడు. “బొత్తాం,” అంది ఫోను. పక్కన పెట్టాడు. “బొత్తాం.” ఇంకో పక్కన పెట్టాడు. “బొత్తాం.” ఏ బొత్తాం దేనికో చెప్పలేదు. కళ్లతో చూసి ఎలాగో ముందుకు పోయాడు. మీరు మనిషేనని నిరూపించుకోండి, సైకిళ్లున్న బొమ్మలన్నీ నొక్కండి, అని వచ్చింది.

“బొమ్మలు వచ్చాయా?” అన్నాడు జడ్జిగారు.

“వచ్చాయి. వినేవాళ్లకు వేరే దారి ఏమీ లేదా?”

“ఉంది. చెవి గుర్తు నొక్కితే గరగరమని అంకెలు చదువుతుంది. అవి అర్థం చేసుకుని కొట్టేలోపు టైము అయిపోయిందంటుంది. ఎన్నిసార్లు చేశానో. చేసినన్నిసార్లూ నేను మనిషిని కాదని తేలింది. ఆవిడ నా తరఫున కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది. అంతే. వినకుండా తీర్పు ఎలా చెప్పను? శనివారం తనే వచ్చి ఫైలు ఫోన్లో వేసి వెళ్లింది.”

“వేశాక?”

“ఫోన్లో మామూలుగా తెరిస్తే ఆడలేదు. రెండ్రోజులు దాంతో కుస్తీ పట్టాను. సోమవారం గంప పెట్టుకుని అందులో వేశాను. ఒక్క దెబ్బకి ఆడింది.”

డిటెక్టివ్ ముందుకు వంగాడు. “గంపలోనా?”

“గంప మాట్లాడుతుంది సార్. ప్రతి బొత్తానికీ పేరు పెట్టాడు. ఆపు, వెనక్కి, ముందుకి. ఎవడు తయారుచేశాడోగానీ, గుడ్డివాడు కూడా సినిమా చూస్తాడని వాడికి గుర్తుంది. నెలనెలా చందా కట్టించుకునేవాళ్లకి గుర్తులేదు. వినండి కావాలంటే.”

ఫోను తీసుకుని, ఒక్క వేలితో గంప తెరిచాడు. తియ్యటి ఆడగొంతు పలికింది. “గంపకి స్వాగతం. మీరు పంచినవి, ఒకటి. మీ నుంచి అందుకున్నవారు, అరవై రెండు వేల నాలుగు వందల పద్దెనిమిది మంది.”

“తెరిచినప్పుడల్లా ఏదో అంకె చెప్తుంది,” అన్నాడు జడ్జిగారు. “ప్రకటన అనుకుని పట్టించుకోను. సోమవారం చిన్న అంకె చెప్పింది.”

“సోమవారం ఎన్నింటికి వేశారు?”

“మూడింటి వార్తలు అయిపోయాక.”

మూడింటి వార్తలయ్యాక అంటే మూడుంపావు. ఊరికి అవతలి కొస, ఎవరిదో తెలియని మొబైల్. అన్నీ అతికినట్టు సరిపోయాయి. దొంగ దొరికాడని చెప్పుకోవలసిన ఘడియ ఇది. డిటెక్టివ్‌కు మాత్రం లేచి పారిపోవాలనిపించింది.

ఫోను అడిగి తీసుకుని, గంప లోపలి సంగతులు ఒక్కొక్కటే వెతికాడు. అడుగున దొరికింది. ‘ఈ ఫోనులో ఉన్న చిత్రాలు, శబ్దాలు అన్నీ అందరితో పంచు.’ ఎదురుగా ‘సరే’ అని ఉంది.

“దీనికి సరే అని ఎవరన్నారు?”

“నేనే. మొదట పెట్టుకున్నప్పుడు చాలా ప్రశ్నలు అడిగింది. అన్నిటికీ సరే అన్నాను. సరే అనకపోతే ముందుకు పోనివ్వదుగా.” ఆ మాట అన్నాక ఆగాడు. ఆయనకు విషయం అర్థమవుతున్న కొద్దీ మెడ కిందికి వాలిపోయింది. “అంటే ఆ అంకె...”

“ప్రకటన కాదండీ.”

డిటెక్టివ్ ఆ ‘సరే’ తీసేశాడు. ఫైలు కూడా చెరిపేశాడు. రెండూ పనికిమాలిన పనులని తెలుసు. అరవై రెండు వేలమంది దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరినీ చెరపమని అడగలేడు. ఆ పని జల్లెడ వల్ల కూడా కాదు.

జడ్జిగారు తడుముకుంటూ ఒక బూటు వెతికి ఎడమకాలికి తొడుక్కున్నాడు. “పదండి స్టేషనుకి. నేనే చెప్తాను. ఆవిడ నా కోసం చేసింది. తీసుకెళ్తే నన్ను తీసుకెళ్లమనండి.”

“అక్కర్లేదు. కాస్త ఆగండి,” అని డిటెక్టివ్ నిర్మాతకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అమ్మినవాళ్లు ఎవరూ లేరు. డబ్బు తీసుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఒకావిడ పని జరగాలని ఇచ్చింది, ఒకాయన పని జరగాలని గంపలో వేశాడు.

“ఎవరూ దొంగ కాదన్నమాట,” అన్నాడు నిర్మాత. “మరి నా సినిమాని ఎవరు దొంగిలించినట్టు?”

డిటెక్టివ్ జడ్జిగారి ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చేశాడు.

“సరే. నాలుగు గోడల మధ్యే ఉంది కదా?” అన్నాడు నిర్మాత.

“ఉంది. మీకు, నాకు, వాళ్లిద్దరికీ తప్ప తెలీదు.”

“ఇప్పుడే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడతాను. ఆవిడకు నేనే ఫోన్ చేస్తాలెండి. భయపడి ఉంటుంది, పాపం.”

నాలుగు దాటింది. పొద్దున్నుంచీ మొదటిసారి డిటెక్టివ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందనుకున్నాడు. వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చుని, ఇక ఏమీ చెయ్యక్కర్లేదమ్మా, అని చెప్పాలనుకున్నాడు.

జడ్జిగారికి మనసు నిలవడం లేదు. “నా దాంట్లోంచి తీసేశారు సరే. గంపలో ఇంకా దొరుకుతోందేమో చూస్తాను,” అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని సినిమా పేరు చెప్పాడు.

“రెండు దొరికాయి,” అంది తియ్యటి గొంతు. సినిమా పేరు చదివి, “మొదటిది, పూర్తి నిడివి,” అంది. మళ్లీ సినిమా పేరు చదివింది. “రెండోది, సబ్‌టైటిల్స్ ఆవిడ, మధ్యాహ్నం. తొమ్మిది నిమిషాలు.”

“ఇదేంటి, కొత్తది?” అన్నాడు జడ్జిగారు.

డిటెక్టివ్‌కు వెంటనే తట్టలేదు. ఆ పేరు తానే పెట్టానని తెలుసు, అది ఈ ఫోన్లో ఎందుకు పలికిందో తెలియలేదు. తెలిసేసరికి జడ్జిగారి వేలు దాని మీద పడింది.

“మీరు చెప్పేది రికార్డు చేసుకుంటున్నాను,” అంది ఫోను, డిటెక్టివ్ గొంతుతో. “నా జ్ఞాపకం కోసమే. ఈ గది దాటి బయటికి పోదు. నాదీ హామీ.”

నిన్న మీ ఫోన్లో కూడా పెట్టాను, అని భార్య అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. జేబులోంచి తన ఫోను తీశాడు. గంప బొమ్మ ఉంది. భార్య కూడా అన్నిటికీ సరే అనే ఉంటుంది. అనకపోతే ముందుకు పోనివ్వదు. ఫోను చేతిలో ఉండగానే మోగింది.

“నేను వెతకలేదు సార్,” అన్నాడు జల్లెడ. గొంతులో గెలిచిన సంతోషం కాస్తయినా లేదు. “ఆ సినిమా పేరు మీద కొత్తగా ఏది వచ్చినా దానంతటదే మా వలలో పడుతుంది. మాకు పడ్డ క్షణమే సర్వీసువాళ్లకీ పోతుంది, అది మా ఒప్పందం. ఇచ్చాను అని ఆవిడే తన నోటితో చెప్పింది. వాళ్ల లాయర్లు స్టేషనుకి బయల్దేరారు. నిర్మాతగారు వెనక్కి తీసుకుంటానన్నా కుదరదింక.”

“తీయించండి దాన్ని. మీ పనే కదా అది.”

“తీయిస్తున్నాను. ఒకటి తీసేలోపు మూడు వచ్చాయి.” కొంచెం ఆగాడు. “ఇవాళ నాకు మనిషిని పట్టించింది మీరే సార్,” అని పెట్టేశాడు.

జడ్జిగారి ఫోన్లో ఆవిడ గొంతు సాగుతూనే ఉంది. ఆయన దాన్ని చెవికి దగ్గరగా పట్టుకుని, సినిమా వింటున్నంత శ్రద్ధగా, కదలకుండా వింటున్నాడు. తీసుకున్న మనిషి అమ్ముకునే మనిషి కాదు, అన్నచోట ఆయన తల వంచుకున్నాడు. చెప్పకపోతే నేనొక్కదాన్నే మునుగుతాను, అన్నచోట రెండో చెయ్యి ఎత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఆపమని డిటెక్టివ్ చెయ్యి చాచాడు. ఆయన ఆపనివ్వలేదు.

“ఐదింటిలోపు మీకేమీ దొరక్కపోతే నేనేం చెయ్యాలి?” అని ఆవిడ అడిగింది. అక్కడితో శబ్దం ఆగిపోయింది.

జడ్జిగారు ఇంకా ఏదైనా వినపడుతుందేమోనని కాసేపు ఫోను అలాగే పట్టుకున్నాడు.

“తర్వాత మీరేమన్నారు?” అని అడిగాడు.

“ఏమీ అనలేదు,” అన్నాడు డిటెక్టివ్. “అక్కడ ఆపేశాను.”